అప్‌డేట్: వదినకి ఏటికొప్పాక గిన్నెలే ఇచ్చాను

విశాఖ ఎంవీపీ కాలనీలో వదిన గృహప్రవేశానికి రూ.1,500 లోపు ఏమివ్వాలని అడిగాను కదా, ఆవిడ ఇంటీరియర్ డిజైనర్ అని టెన్షన్ పడుతూ. గోడ గడియారం, ఇనుప స్టాండు అన్నారు కొందరు. సముద్రగాలికి ఇనుము నిలుస్తుందా!

చివరికి లక్క బొమ్మలకి పేరున్న ఏటికొప్పాక ఊరి లక్క గిన్నెలు, మూతలున్నవి, తీసుకున్నాను. అంకుడు చెట్టు కర్రని తరిణె (లేత్ యంత్రం) మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క అద్దుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. సహజ రంగులవేనా అని అడిగి మరీ కొన్నాను. బొమ్మలైతే షోకేసులోకి పోతాయి, గిన్నెలు వాడకంలో ఉంటాయని నా లెక్క.

వదిన అప్పుడే ఒక గిన్నెలో ఇంటి తాళంచెవులు వేసేసింది. అన్నయ్య మాత్రం "ఇందులో పచ్చడి పెట్టొచ్చా?" అంటున్నాడు.