ఏజెన్సీ యాప్ ఏజెంటుకా, ఆఫీసుకా?

గజాల_లెక్క:
హైదరాబాద్‌లో కొన్ని రియల్ ఎస్టేట్ ఏజెన్సీలు ఏజెంటు చేరగానే కస్టమర్ల వివరాలు, కాల్స్ నమోదు చేసే సీఆర్‌ఎం యాప్, నంబర్లను దానంతటదే కలిపే ఆటో డయలర్, వాట్సాప్ టెంప్లేట్లు చేతిలో పెట్టి, అందుకని కమిషన్‌లో కోత పెడుతున్నాయి. అంత విలువ వాటికి ఉందా? లేదనే నా వాదన. ఎన్ని కాల్స్ చేశావో, ఎన్ని నిమిషాలు మాట్లాడావో అందులో ఉంటుంది. ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల వరుస, అంటే లింకు డాక్యుమెంట్, ఎక్కడ తెగిందో ఉండదు. అది మేనేజర్ చూసుకునే హాజరు పట్టీ.

సైట్‌విజిట్_శీను:
అలా కొట్టిపారేయకన్నా. ఒకే కస్టమర్‌ను ముగ్గురు ఏజెంట్లు బిల్డర్ దగ్గరికి తీసుకెళ్తే కమిషన్ ఎవరికి? ముందు ఎవరు టాగ్ చేస్తే, అంటే తన కస్టమర్ అని నమోదు చేస్తే, వాళ్లకి. తేదీ, టైము రికార్డవుతాయి కాబట్టే ఆ తగువు తెగుతుంది. ఈ ఒక్కటి చాలు.

లింక్_డాక్యుమెంట్:
శీను గారూ, ఏజెన్సీ యాప్‌లో ఎంట్రీ పడితే బిల్డర్‌కు పట్టదు. బిల్డర్ సిస్టమ్‌లో పడాలి, అక్కడి నుంచి వచ్చిన మెయిల్ దాచుకోవాలి. ఎక్కువగా దెబ్బతినేది ఫోన్ నంబరు దగ్గర. మీరు భర్త నంబరు టాగ్ చేస్తారు, సైట్ ఆఫీసు రిజిస్టర్‌లో భార్య తన నంబరు రాస్తుంది. సిస్టమ్‌కు ఆమె కొత్త మనిషి, బుకింగ్ డైరెక్ట్ వాక్-ఇన్, అంటే ఏజెంటు లేకుండా వచ్చినవాళ్ల కింద పోతుంది. అందుకే విజిట్‌కు ముందే ఇద్దరి నంబర్లూ, బుకింగ్ ఎవరి పేరు మీదో కనుక్కొని ఎక్కించండి. టాగ్‌కు గడువుంటుంది, బిల్డర్‌ను బట్టి మారుతుంది. 60 రోజులైతే 50 దాటగానే ఇంకో విజిట్ వేయించి పొడిగించుకోవాలి. యాప్ ఆ రోజు గుర్తు చేస్తే మాత్రం దానికి డబ్బులివ్వొచ్చు.

ఈసీ_1983:
డీల్‌ను నిలబెట్టేవి ప్రభుత్వ వెబ్‌సైట్లే. ముందు రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర ప్రాజెక్టు రిజిస్ట్రేషన్. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు అది ఉండాలి. లేనిది అమ్మిపెడితే ఏజెంటుకూ సెక్షన్ 62 కింద రోజుకు 10,000 రూపాయల జరిమానా, ఆ ప్లాటు ధరలో 5 శాతం దాకా. తర్వాత ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. సర్వే నంబరుతో ఒక్కసారి వెతికి ఖాళీగా ఉందని సంబరపడొద్దు. పాత దస్తావేజు ఇంటి నంబరు మీద ఎక్కి ఉంటే అందులో కనబడదు. సర్వే నంబరు, ఇంటి నంబరు, డాక్యుమెంట్ నంబరు, మూడింటితోనూ వెతకాలి. ఆపైన రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా, చెరువు దగ్గరైతే నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే హెచ్‌ఎండీఏ ఎఫ్‌టీఎల్ మ్యాపు. ఏ ఏజెన్సీ యాప్ అయినా ఈ నాలుగూ ఒకే స్క్రీన్ మీద చూపిస్తే కోత గురించి అప్పుడు మాట్లాడదాం.

సైట్‌విజిట్_శీను:
ఫాలో-అప్ సంగతి? కొత్తగా చేరినవాళ్లకు అదే దిక్కు కదా.

గజాల_లెక్క:
దానికి ఫోన్ క్యాలెండర్ చాలదా? ఇక మామూలు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు అంటావా, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ప్రాపర్టీ పోర్టల్‌లో దొరికిన కొత్త లీడ్, అంటే కొనాలని ఆరా తీసినవాడు, మన నంబరు ఎందుకు సేవ్ చేసుకుంటాడు? సగం జాబితా అక్కడే వృథా.

లింక్_డాక్యుమెంట్:
చేరేముందు అడగాల్సింది ఇంకొకటుంది. మానేసిన రోజు మన కాంటాక్టులు ఎక్సెల్‌లో దించుకోనిస్తారా? లాగిన్ ఆపేస్తే మూడేళ్ల కస్టమర్లు ఆఫీసుకే మిగులుతారు. ఒప్పందంలో ఆ వాక్యం రాయించుకోండి. రాయనంటే సొంతంగా తెచ్చుకున్న కస్టమర్లను ఆ యాప్‌లో ఎక్కించకండి, పోర్టల్ లీడ్లు మాత్రమే ఎక్కించండి.