ఫైట్‌కి 400 డాలర్లు ఇస్తానంటున్నారు, ఒప్పుకోవచ్చా?

ఇర్వింగ్, టెక్సస్ నుంచి:
అందరికీ నమస్కారం. ఆగస్టులో మాస్టర్స్‌కి వచ్చాను, ఎఫ్-1 వీసా. మాది నిజామాబాద్ దగ్గర పల్లె. నిఖత్ జరీన్‌ని చూసి గ్లవ్స్ తొడుక్కున్న బ్యాచ్ మాది. ఇక్కడ జిమ్‌లో ఒకాయన వచ్చే నెల బాక్సింగ్ ఫైట్ ఉంది, 400 డాలర్లు క్యాష్ చేతిలో పెడతానంటున్నాడు. లైసెన్సు గట్రా కావాలా అంటే "అదంతా పెద్ద ఫైట్లకే" అన్నాడు. ఒక నెల రూమ్ రెంట్ గట్టెక్కుతుందని ఆశ. ఒప్పుకోవచ్చా అన్నా?

డెంటన్ నుంచి:
వద్దు తమ్ముడూ. ముందు వీసా సంగతి చూడు. ఎఫ్-1 మీద ఉండి రింగ్‌లోకి దిగి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగమే. క్యాష్ అయినా అంతే, 40 డాలర్లైనా అంతే. ఫైట్ గెలిచినా స్టేటస్ పోతుంది. ఆటగాళ్లకి పీ-1 అని వేరే వీసా ఉంది, దానితో నీకిప్పుడు పని లేదు. అనుమానం ఉంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే మీ డీఎస్‌ఓని అడుగు, జిమ్ వాళ్లని కాదు.

ఇక ఆయన చెప్పిన "పెద్ద ఫైట్లకే" అన్నది శుద్ధ అబద్ధం. ఇక్కడ ప్రొఫెషనల్ ఫైట్లు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఫెడరల్ చట్టాలున్నా, లైసెన్సు ఇచ్చేదీ లాగేసుకునేదీ రాష్ట్రమే. నెవాడా, కాలిఫోర్నియాల్లో దానికోసం అథ్లెటిక్ కమిషన్లు ఉన్నాయి. మన టెక్సస్‌లో మాత్రం ఎలక్ట్రీషియన్లకీ బార్బర్లకీ లైసెన్సులిచ్చే టీడీఎల్ఆర్ డిపార్ట్‌మెంటే బాక్సర్లకీ ఇస్తుంది. మా ఏసీ బాగుచేసే ఆయన వ్యాన్ మీద కూడా అదే పేరు చూసి నవ్వుకున్నా. ఫైటర్‌కే కాదు, ప్రమోటర్‌కి, రిఫరీకి, జడ్జీలకి, చివరికి కార్నర్‌లో నీళ్ల సీసా పట్టుకుని నిలబడేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. ఆ చివరిది నేనూ తీసుకున్నా, మా పక్కింటి కుర్రాడి కోసం.

వాడి ఫైట్ రోజు చూసింది చెప్తా. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ రక్తపరీక్షల రిపోర్టులు ముందే ఇచ్చేశాం. డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ వాడి చేతులకు గాజుగుడ్డ చుడుతున్నంతసేపూ స్టేట్ ఇన్‌స్పెక్టర్ పక్కనే నిలబడి చూశాడు. టేపు వేయడం అయ్యాక వేళ్ల కణుపుల దగ్గర నొక్కి చూసి, నల్ల మార్కర్‌తో కట్టు మీదే సంతకం పెట్టాడు. అప్పుడుగానీ గ్లవ్స్ తొడగనివ్వలేదు.

రెండో రౌండ్లో వాడికి గట్టి దెబ్బ తగిలి పడ్డాడు, రిఫరీ ఆపేశాడు. వాడేమో "నేను బాగానే ఉన్నా" అంటూ గొడవ. డాక్టర్ స్టూల్ మీద కూర్చోబెట్టి కళ్లలోకి టార్చ్ వేసి, ఏ ఊళ్లో ఉన్నావని అడిగాడు. "డాలస్" అన్నాడు మావాడు. మేమున్నది ఫోర్ట్‌వర్త్‌లో. ఇన్నాళ్లు రింగ్ ఎక్కకూడదని మెడికల్ సస్పెన్షన్ కాగితం అక్కడే చేతిలో పెట్టారు. సరిహద్దు దాటి ఓక్లహోమాలో ఆడతానన్నా కుదరదు. నాకౌట్ అయ్యాడని ఒక రాష్ట్రం ఆపిన బాక్సర్‌ని ఇంకో రాష్ట్రం దించకూడదని 1996లో ఫెడరల్ చట్టమే చేశారు. రింగ్ పక్కన డాక్టర్, బాక్సర్ గాయాలకి ప్రమోటర్ కట్టే ఇన్సూరెన్సు కూడా ఆ చట్టంలోవే. నీ క్యాష్ ఫైట్‌లో పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు? ఇక్కడ ఒక్క సీటీ స్కాన్ బిల్లు ఎంతవుతుందో నీ రూమ్మేట్లని అడిగి చూడు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:
డెంటన్ అన్న చెప్పింది నిజం, అంతా రాష్ట్రాన్ని బట్టే. మా వైపు హడ్సన్ నదికి ఇటు న్యూజెర్సీ 2000లోనే ఎంఎంఏకి (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఫైటింగ్) రూల్స్ పెట్టి ఫైట్లు జరపనిచ్చింది. అటు న్యూయార్క్ 1997లో నిషేధించి, మళ్లీ 2016లో గానీ ఎత్తేయలేదు. అదే ఏడాది నవంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యూఎఫ్‌సీ అనే పెద్ద ఎంఎంఏ కంపెనీ ఫైట్లు అక్కడ మొదటిసారి జరిగాయి. విజేందర్ సింగ్ 2019 జులైలో నెవార్క్ వచ్చి ఆడితే మేం నలుగురం వెళ్లాం. నాలుగో రౌండ్లో ముగించేశాడు. ఒలింపిక్ పతకం ఉన్నవాడు కూడా ఇక్కడి స్టేట్ బోర్డు కిందే ఆడాలి, నువ్వూ నేనూ ఎంత.

హ్యూస్టన్ నుంచి:
టాపిక్‌కి కొంచెం పక్కకి వెళ్తున్నా, క్షమించండి. ఇదే టెక్సస్‌లో 1895లో గవర్నర్ ప్రత్యేక సమావేశం పెట్టి మరీ ప్రైజ్‌ఫైట్లని, అంటే డబ్బు కోసం ఆడే బాక్సింగ్‌ని, నిషేధించాడు. మరుసటి ఫిబ్రవరిలో రాయ్ బీన్ అనే జడ్జిగారు ఏం చేశాడంటే, లాంగ్‌ట్రీ దగ్గర రియో గ్రాండే నదిలో మెక్సికో వైపు ఇసుక తిన్నె మీద రింగ్ వేయించాడు. టెక్సస్ పోలీసులైన రేంజర్లు ఇటు గట్టు మీద నిలబడి చూడటం తప్ప ఏం చేయలేకపోయారు. బాక్సర్ ఫిట్జ్‌సిమన్స్ రెండు నిమిషాల్లోపే ఎదుటి బాక్సర్ మహర్‌ని పడగొట్టేశాడు. మా గోదావరి వైపు పోలీసులొస్తున్నారంటే కోడిపందేల బరి పక్క ఊరి పొలంలోకి జరిగినట్టే! ఇప్పుడదే రాష్ట్రం ఫైట్ టికెట్ల రాబడి మీద 3 శాతం పన్ను తీసుకుంటోంది.

ఇర్వింగ్ నుంచి:
థాంక్స్ అన్నా, ఆయనకి వద్దని చెప్పేస్తా. మరి ఆట మొత్తం మానేయాలా?

డెంటన్ నుంచి:
మానడమెందుకు తమ్ముడూ. డబ్బు తీసుకోకుండా అమెచ్యూర్‌గా ఆడు. అమెచ్యూర్ బాక్సింగ్‌ని చూసుకునే యూఎస్‌ఏ బాక్సింగ్ సంస్థలో రిజిస్టర్ చేసుకో, మెడికల్ చేయించుకో, డీఎస్‌ఓకి ఒక మెయిల్ పెట్టు. ఫోర్ట్‌వర్త్ గోల్డెన్ గ్లవ్స్ అనే అమెచ్యూర్ టోర్నమెంటు ఏటా జరుగుతుంది, గురిపెట్టడానికి అది చాలు. ఆ జిమ్ ఆయన మళ్లీ వెంటపడితే ఒక్కటే అడుగు: "ఫైట్‌కి టీడీఎల్ఆర్ వాళ్లు వస్తున్నారా?" ప్రమోటర్‌కి లైసెన్సు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి నువ్వే చూసుకోవచ్చు. రెంట్ సంగతికొస్తే, సెమిస్టర్‌లో వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లోనే పని చేయొచ్చు. లైబ్రరీలో, డైనింగ్ హాల్లో ఇవాళే అప్లై చెయ్యి. ఆదివారం ఖాళీగా ఉంటే ఇంటికి రా, పప్పుచారు అన్నం తిని మా పక్కింటి వాడి జిమ్‌కి వెళ్దాం. వాడిప్పుడు ఊరి పేరు కరెక్టుగానే చెప్తున్నాడు.