సమస్య: తలను దీయువాఁడె తలను గాచె

పృచ్ఛకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. తలారి అనే పాత ఉద్యోగి కనబడాలి.

మొదటి పూరణ:
ఊరు నిద్రవోవ నొంటిగా వీధులఁ
దిరుగు నా తలారి దివిటిఁ బట్టి
దొంగకత్తి నాఁపె, దొర చెప్పినంతనే
తలను దీయువాఁడె తలను గాచె.

పృచ్ఛకుడు: బాగుంది, ఆర్యా. తలారి రాత్రి ఊరి కావలివాడు, రాజాజ్ఞ అయితే తల నరికేవాడూ అతడే. ఆ రెండు పనులూ ఒకే పద్యంలో ఎదురెదురుగా నిలిచాయి. పూరణ బలం అక్కడే ఉంది.

రెండో పూరణ:
నేరమెఱుఁగనట్టి నిరుపేద బాలునిఁ
జంపుమనఁగ రాజు, జాలి గలిగి
యడవి విడిచి వచ్చె నా తలారియు నట్లు
తలను దీయువాఁడె తలను గాచె.

పృచ్ఛకుడు: కథ బాగుందమ్మా. కానీ ‘అడవి విడిచి వచ్చె’ అంటే తలారే అడవిని వదిలి వచ్చాడని అర్థం వస్తోంది, పిల్లవాడు ఏమయ్యాడో తెలియదు. ‘యు నట్లు’ గణం నింపడానికే వచ్చింది. మూడో పాదాన్ని ‘యడవిలోన విడిచె నా తలారి, గనుఁడు’ అంటే రెండూ తీరతాయి.

రెండో పూరణకర్త్రి: ‘అడవిలోన’ తీసుకుంటాను. ‘గనుఁడు’ మాత్రం ‘అట్లు’ కంటే ఏం మెరుగండీ? అదీ పూరకమే!

పృచ్ఛకుడు: కొంత నిజమే. అయినా ‘గనుఁడు’ వినేవాళ్లను సమస్య వైపు తిప్పుతుంది.

ఒక సభ్యుడు: ‘తలారి’తో పాదం మొదలుపెడదామంటే కుదరడం లేదు.

పృచ్ఛకుడు: కుదరదు. అది జగణం. లఘువుతో మొదలై వెంటనే గురువు వచ్చే గణం ఆటవెలదిలో వాడే సూర్యగణాల్లో లేదు, ఇంద్రగణాల్లోనూ లేదు. పాత రూపం ‘తలవరి’ వాడండి. నాలుగూ లఘువులే, మొదటి మూడూ నగణమై పాదం మొదట సూర్యగణంగా సరిపోతాయి. అర్థంలో కూడా ఆ రూపం బరువైనదే. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనాల్లో ‘మహాతలవర’ పెద్ద బిరుదు. ఆ రాజవంశపు ఆడపడుచు చాంతిసిరి భర్త మహాసేనాపతి, మహాతలవరుడు. ఆ మాటే కాలక్రమాన గ్రామసేవకుడి దాకా దిగివచ్చిందని పండితుల మాట. పద్యంలో ఆ దిగజారుడు ఎవరైనా పట్టుకుంటే చూడాలని ఉంది.

ఇంకో సభ్యుడు: గురువుగారూ, తల + అరి, తలకు శత్రువు అని విడదీసి పూరించవచ్చునా?

పృచ్ఛకుడు: చమత్కారంగా సరే, వ్యుత్పత్తిగా కాదు. తల తెలుగు, అరి సంస్కృతం. అది వైరిసమాసం.

ఇంకో సభ్యుడు: అరితో కలిపితే వైరిసమాసం కాక ఇంకేమవుతుందండీ!