గోండాలో పిల్లల కుస్తీ పోటీలు ఆపడం న్యాయమేనా?

ఉస్తాద్_శిష్యుడు

2023 రెజ్లింగ్ గొడవ గురించి ఎక్కడ మాట మొదలైనా భారత రెజ్లింగ్ సమాఖ్య అప్పటి అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్‌కు వ్యతిరేకంగా బజరంగ్, సాక్షి, వినేశ్ లాంటి పెద్ద రెజ్లర్లు చేసిన ధర్నా దగ్గరే ఆగిపోతుంది. అందులో పిల్లలకు సంబంధించిన ముక్క ఒకటుంది. దాని మీద మీరేమంటారో చెప్పండి.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: ఆ ఏడాది జనవరి నుంచే భారత రెజ్లింగ్ సమాఖ్య పని పడకేసింది. ఎన్నికలు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి డిసెంబర్ 21న జరిగాయి. సంజయ్ సింగ్ అధ్యక్షుడిగా గెలిచారు. ఆ వెంటనే అండర్-15, అండర్-20 జాతీయ పోటీలు నెలాఖరులోపే అని ప్రకటించారు. వేదిక ఉత్తరప్రదేశ్ గోండా జిల్లాలోని నందినీ నగర్. 24న కేంద్ర క్రీడాశాఖ సమాఖ్యను సస్పెండ్ చేసింది. రెజ్లర్లకు తగినంత టైమ్ ఇవ్వకుండా హడావుడిగా పోటీలు ప్రకటించారన్నది చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. పోటీలు ఆగిపోయాయి. జనవరి 3న వందలమంది జూనియర్లు బస్సుల్లో జంతర్ మంతర్‌కి వచ్చి, మా ఏడాది పోయిందంటూ బజరంగ్, సాక్షి, వినేశ్‌లకు వ్యతిరేకంగా నినాదాలు చేశారు.

నేనైతే ఆపడం తప్పంటాను. కుస్తీలో వయసు లెక్క పుట్టిన ఏడాదిని బట్టి. 2003లో పుట్టినవాడికి 2023 డిసెంబర్ 31తో అండర్-20 అయిపోయింది. 2008లో పుట్టినవాడు తెల్లారేసరికి అండర్-17లో పడ్డాడు. జాతీయ పతకం ఉంటే రైల్వేలోనో సర్వీసెస్‌లోనో స్పోర్ట్స్ కోటా మీద ఆశ ఉంటుంది, కాలేజీ సీటుకీ పనికొస్తుంది. వారంలోపే రైలెక్కి వెళ్లడం కష్టమే, కాదనను. కానీ అసలు పోటీయే లేకపోతే ఆ కష్టపడే అవకాశం కూడా లేదు కదా.

నరసాపురం_నాన్న

"కష్టమే, కాదనను" అని ఒక్క ముక్కలో తేల్చేశావు తమ్ముడూ. ఎప్పుడైనా టీమ్‌కి టికెట్లు తీశావా? స్కూలు జట్లకు మేనేజర్‌గా నేను తీశాను. లెక్క చెప్తా, విను.

ఒక్కో వయసు గ్రూపులో అబ్బాయిలకు ఫ్రీస్టైల్, గ్రీకో-రోమన్ అని రెండు రకాల కుస్తీ, ఆపైన అమ్మాయిల విభాగం. ఒక్కోదానిలో పది బరువు విభాగాలు. రాష్ట్రం పూర్తి జట్టు పంపాలంటే గ్రూపుకి ముప్పై మంది, రెండు గ్రూపులకు అరవై. కోచ్‌లు, మేనేజర్లు అదనం. అప్పట్లో రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు. డిసెంబర్ ఆఖరి వారం బెర్తులు మనకోసం ఎవరు ఉంచుతారు? ఇక దిక్కు తత్కాల్. తత్కాల్‌లో ఒక టికెట్ మీద నలుగురే. అంటే పదిహేను టికెట్లు. పొద్దున పదకొండింటికి స్లీపర్ తెరిచాక ఐదు నిమిషాల్లో పదిహేను టికెట్లు తీసే మొనగాణ్ణి నాకు చూపించు. ఆ పోటీలే జరిగి ఉంటే మనవాళ్లు జనరల్ బోగీలో, బాత్రూమ్ తలుపు పక్కన, కిట్ బ్యాగుల మీద కూర్చుని ఒకటిన్నర రోజుకు పైగా ప్రయాణం చేసేవాళ్లు. దిగగానే తూకం, ఆ తర్వాత బౌట్. హర్యానా కుర్రాడు మాత్రం రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి, స్నానం చేసి వస్తాడు. ఇదేం జాతీయ పోటీ? చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాల పోటీకి జాతీయ బోర్డు తగిలించడమే.

అయినా పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలని రూలే ఉంది కదా. రూల్ తప్పారు, ఆపేశారు. ఇందులో చర్చేముంది?

రూల్‌బుక్_రావు

నాన్నగారూ, ఆ పదిహేను రోజుల మాట అప్పట్లో టీవీల్లో కూడా ఇలాగే కలగాపులగం చేశారు. క్రీడాశాఖ ఎత్తిచూపిన 15 రోజులు సమాఖ్య కార్యవర్గ సమావేశానికి ఇవ్వాల్సిన నోటీసు. అత్యవసర సమావేశమైనా 7 రోజులు ఇవ్వాలి. సమావేశం సరిగ్గా పెట్టకుండా పోటీల నిర్ణయం తీసుకున్నారన్నది అభ్యంతరం. పిల్లల విషయంలో మాత్రం "తగినంత నోటీసు" ఇవ్వలేదనే అన్నారు. ఎన్ని రోజులైతే తగినంత? ఆ ప్రకటనలో లెక్క లేదు.

పెద్దవాళ్లు బల్ల చుట్టూ కూర్చోవడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో అధికరణం నంబరుతో సహా ఉంది. పద్నాలుగేళ్ల పిల్లవాడు బరువు చూసుకుని బరిలో దిగడానికి మాత్రం "తగినంత". నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ ఉత్తర్వు సరైనదే అనుకున్నా, పిల్లలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఉస్తాద్_శిష్యుడు

రావుగారు చెప్పింది నా వైపే వస్తుంది. మీటింగ్ నోటీసు ఇవ్వలేదని మీటింగ్ పెట్టినవాళ్లను శిక్షించండి, పిల్లలనెందుకు? ఇక నాన్నగారూ, దూరం ఎప్పుడూ ఉండేదే. సోనీపత్‌లో పెట్టినా మనకు దూరమే.

సెకండ్_షో

అందరూ తేదీల గురించే కొట్టుకుంటున్నారు, వేదిక ఎవరి ఇలాకానో ఎవరూ అనరేం? నందినీ నగర్ అంటే బ్రిజ్‌భూషణ్ సొంత అడ్డా. ఆయన మీద లైంగిక వేధింపుల కేసులో ఢిల్లీ పోలీసులు 2023 జూన్‌లో ఛార్జ్‌షీట్ వేశారు. ఆయన ఆరోపణలను కొట్టిపారేశారు, సరే. కానీ పోటీల్లో అండర్-15 అమ్మాయిలు కూడా ఉన్నారండీ. ఆ పరిస్థితిలో కూతుర్ని అక్కడికి పంపాలా వద్దా అని తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి, తోడు ఎవరు వెళ్లాలో చూసుకోవాలి, సెలవు పెట్టుకోవాలి. వారమే ఇస్తే ఏం చేస్తారు? పంపనివాళ్ల అమ్మాయి ఓడిపోలేదు, ఆటలోకే రాలేదు. శిష్యుడు తమ్ముడు చెప్పే "ఏడాది పోవడం" ఆ పిల్లకు పోటీలు జరిగినా తప్పేది కాదు.

ఉస్తాద్_శిష్యుడు

వేదిక మార్చమనండి, ఒప్పుకుంటాను. కానీ వారం రోజుల్లో మ్యాట్లు, రిఫరీలు, వందలమందికి బస ఇంకెవరు ఇస్తారు? సమాఖ్య అప్పుడు చెప్పిన కారణం కూడా ఇదే.

ఎడిసన్_అమ్మ

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి హైస్కూల్ జట్టులో రెజ్లింగ్ చేస్తాడు. ఇంట్లో అందరూ క్రికెట్ అంటే వీడు ఇది పట్టుకున్నాడు. ఇక్కడి పద్ధతి చెప్తే చర్చకు పనికొస్తుందేమో.

సీజన్ మొదట్లోనే ప్రతి పిల్లవాడికీ పరీక్ష ఉంటుంది. ముందు మూత్ర పరీక్ష, ఒంట్లో నీరు సరిపడా ఉందో లేదో చూడటానికి. మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దాటితే ఆ రోజు తూకమే లేదు. తర్వాత ఒంట్లో కొవ్వు కొలుస్తారు. అబ్బాయిలకు 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కంటే కిందకి వెళ్లకుండా, తక్కువ బరువు విభాగంలో ఆడటానికి ఆ సీజన్లో ఏ బరువు దాకా దిగొచ్చో తేలుస్తారు. ఆ దిగడం కూడా వారానికి ఒంటి బరువులో 1.5 శాతం మించకూడదు. కోచ్ బతిమాలినా, అమ్మ ఏడ్చినా ఆ అంకె కదలదు.

ఇదంతా ఊరికే రాలేదు. 1997లో నవంబర్, డిసెంబర్ నెలల్లో, ఐదు వారాలైనా తిరక్కుండా, ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే కాలేజీల్లో నియమాలు మారాయి, స్కూళ్లు కూడా ఆ దారి పట్టాయి.

ఇప్పుడు ఆ 1.5 శాతాన్ని మీ గోండా లెక్కలో పెట్టి చూడండి. మామూలుగా 48 కిలోలుండే అండర్-15 పిల్లవాడు 44 కిలోల విభాగంలో దిగాలనుకున్నాడు. మొదటి వారం 720 గ్రాములు, తర్వాత ఇంకాస్త తక్కువ. 44కి రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. రావుగారు అడిగిన "తగినంత" అంటే ఎంతో నా వరకు ఇదే జవాబు. వారం కాదు, పదిహేను రోజులు కూడా చాలవు.

రూల్‌బుక్_రావు

మేడమ్, భలే లెక్క చెప్పారు. సస్పెండ్ అయిన సమాఖ్య పనులు చూడటానికి వేసిన తాత్కాలిక కమిటీ ఆ జనవరి మొదటి వారంలో, ఇవే పోటీలు గ్వాలియర్‌లో పెడతామని ప్రకటించినప్పుడు ఇచ్చిన గడువు కూడా ఆరు వారాలే. బరువు లెక్క వేసి చెప్పి ఉంటారని నేననుకోను. కానీ అంకె సరిగ్గా కుదిరింది.

తాలీం_పోరడు

అక్కా, మీ లెక్క కాగితం మీద బాగుంది. నేను పాతబస్తీ తాలీంలో, అంటే కుస్తీ నేర్పే అఖాడాలో, పెరిగినోణ్ని. ఆరు వారాలు కాదు, ఆరు నెలల ముందు చెప్పినా మనోళ్లు ఆఖరి రెండు రోజుల్లోనే బరువు దించుతరు. ఒంటి మీద రెండు ట్రాక్ సూట్లు, లోపల పాలిథిన్ కవరు. మెట్లు ఎక్కుడు, దిగుడు. నోట్లో చూయింగ్ గమ్, చేతిలో సగం కోసిన నీళ్ల సీసా. నమిలి నమిలి అందులో ఉమ్ముతనే ఉంటరు. పెదాలు పగిలి మాట్లాడుతుంటే రక్తం వస్తది. తూకం అయిన మరుక్షణం రెండు అరటిపళ్లు, గ్లూకోజ్ నీళ్లు ఒక్క గుక్కలో. అరగంటకు అవన్నీ వాంతి. పద్నాలుగేళ్ల పిలగాళ్ల గురించి చెప్తున్న, పెద్ద పహిల్వాన్ల గురించి కాదు.

అందుకే నోటీసు ఎన్ని రోజులనే దానికన్నా తూకం ఎన్నిసార్లనేది పెద్ద ప్రశ్న. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఏమైంది? మొదటి రోజు 50 కిలోల తూకం పాసై ఫైనల్ దాకా పోయింది, రెండో రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ. చుట్టూ డాక్టర్లు, డైటీషియన్లు ఉన్న ఒలింపియన్‌కే అట్లయితే, టెన్త్ పిలగాడికి రెండు రోజుల పోటీ పెట్టి రెండుసార్లు తూచుడు ఏం న్యాయం? పిల్లలకు ఒక్క బరువు ఒక్క రోజులో ముగించాలె.

రూల్‌బుక్_రావు

ఒక్క రోజులో ముగిస్తే చిక్కు ఇంకోచోట వస్తుంది. 2018కి ముందు అంతర్జాతీయ పోటీల్లో ముందురోజు సాయంత్రం తూచి, మర్నాడు ఒక్క రోజులోనే అన్ని బౌట్లూ ఆడించేవారు. రాత్రంతా తిని తాగి నాలుగైదు కిలోలు పెరిగి బరిలోకి వచ్చేవాళ్లు. అది ఆపడానికే పోటీ రోజు పొద్దున తూకం, రెండో రోజు మళ్లీ తూకం అన్నారు. మరీ కిందకి దిగితే రెండో రోజు దొరికిపోతావు, కాబట్టి దిగకు అని. పెద్దవాళ్లే ఆ హెచ్చరిక లెక్కచేయడం లేదు, అది వేరే సంగతి.

ఎడిసన్_అమ్మ

పోరడు తమ్ముడూ, ఇక్కడ వరుసగా రెండు రోజులు పోటీ ఉంటే రెండో రోజు ఒక పౌండు సడలింపు ఇస్తారు, అంటే 450 గ్రాములు. వినేశ్‌కి ఆ సడలింపు ఉండుంటే ఫైనల్ ఆడేది. పిల్లలకు రెండు రోజుల పోటీ తప్పనిసరైతే కనీసం అదైనా పెట్టొచ్చు. అలాగని ఇక్కడ అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. చెమట సూట్లు నిషేధం, అయినా స్కూలు బయట ఎవరింట్లో ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు? శనివారం టోర్నమెంట్ అంటే చీకటితో బయల్దేరి, రాత్రి జిమ్ లైట్లు ఆర్పేదాకా బెంచీ మీదే. మధ్యలో పిల్లవాడు ఎప్పుడు తినాలో, ఎంత తినాలో తెలియక మా ఇద్దరికీ టెన్షన్.

నరసాపురం_నాన్న

మళ్లీ అసలు విషయానికి వద్దాం. శిష్యుడి బాధంతా ఏడాది పోతుందనే కదా. 2023 జాతీయ పోటీ అని పేరు పెట్టి, 2023 వయసులతోనే ఫిబ్రవరిలో ఆడించండి. సర్టిఫికెట్ మీద 2023 అని ఉంటుంది. 2003, 2008 పిల్లలు కూడా ఆడతారు. డిసెంబర్ 31 ఏమైనా దేవుడు పెట్టిన గడువా?

ఉస్తాద్_శిష్యుడు

సర్టిఫికెట్ వరకు సరే. కానీ జాతీయ పోటీలో గెలిచినవాళ్లే తర్వాత ఆసియా పోటీల ట్రయల్స్‌కి వెళ్తారు. అక్కడ ప్రపంచ సమాఖ్య లెక్క, 2024కి 2024 వయసులే. ఫిబ్రవరిలో గెలిచిన 2003 కుర్రాడు అండర్-20 ట్రయల్స్‌కి పనికిరాడు. వాడికి పతకం వస్తుంది, దారి మూసుకుపోతుంది.

రూల్‌బుక్_రావు

అది డిసెంబర్ 30న గెలిచినా పనికిరాడు కదయ్యా. జనవరి 1న వయసు దాటిపోయాక ఆ ఏడాది అండర్-20 ట్రయల్స్‌కి ఎలా వెళ్తాడు? అతనికి గోండా ఇవ్వగలిగింది సర్టిఫికెట్ ఒక్కటే. అది ఫిబ్రవరిలోనూ ఇవ్వొచ్చు.

వయసులో ఒక్క ఏడాది విలువ ఎంతో తెలుసు కాబట్టే పుట్టిన తేదీలు దిద్దుతున్నారు. 2025 ఆగస్టులో నకిలీ బర్త్ సర్టిఫికెట్లు పెట్టారని సమాఖ్య 11 మంది రెజ్లర్లను సస్పెండ్ చేసింది. 2008 డిసెంబర్ ఆఖర్లో పుట్టినవాడికీ 2009 జనవరి మొదట్లో పుట్టినవాడికీ తేడా వారం. ఒకడు 2024లో అండర్-17 వాళ్లతో తలపడాలి, రెండోవాడు ఇంకో ఏడాది అండర్-15లోనే హాయిగా ఉంటాడు. కాగితం మీద ఆ వారం జరిపితే ఏడాది కలిసొస్తుంది. ఆ ఆశ పుట్టించేది మన కేలండరే.

ఉస్తాద్_శిష్యుడు

డిసెంబర్ 30 మాట నిజమే, ట్రయల్స్ వరకు మీదే పైచేయి. కానీ 2008 పిల్లల సంగతి చూడండి. వాళ్లకి అండర్-15 పతకం పోతే, మర్నాటి నుంచి తమకన్నా ఏడాది పెద్దవాళ్లతో అండర్-17లో పడాలి. అక్కడ పతకం రావడానికి ఇంకెన్నాళ్లో. ఈలోపు ఇంట్లోవాళ్లు చాల్లే అని మాన్పించేస్తారు. ఫిబ్రవరిలో పెడతాం అనే మాట డిసెంబర్ 24నే చెప్పి ఉంటే జంతర్ మంతర్‌కి అన్ని బస్సులు వచ్చేవి కావు. ముందు ఆపేసి, తర్వాత వారానికిపైగా నోరు మెదపలేదు. నా గొడవ ఆ వారం గురించి కూడా.

ఎడిసన్_అమ్మ

దాంతో నేనూ ఏకీభవిస్తాను. ఆపే ఉత్తర్వులోనే కొత్త తేదీ, ఏ వయసులు చెల్లుతాయో రాసి ఉండాల్సింది. ఇకముందైనా పద్ధతి పెట్టుకోవచ్చు. ఏడాది మొదట్లోనే పోటీల తేదీలు ప్రకటించాలి. ఏదైనా పోటీ వాయిదా పడి ఏడాది దాటితే పాత వయసులే చెల్లాలి. ఆరు వారాల నోటీసు లేకుండా ఏ పిల్లల జాతీయ పోటీకీ గుర్తింపు ఉండకూడదు.

తాలీం_పోరడు

వాయిదా పడితే పాత వయసులే చెల్లుతయ్ అని రాసి పెడితే, అక్కా, ఇగ ప్రతి ఏడాదీ వాయిదానే. ఎవరి పిలగాడికి వయసు దాటబోతుందో వాళ్లే తేదీలు జరుపుతరు. దానికి ఏ రూల్ పెడతరో అది కూడా చెప్పుండ్రి.