చర్చ: ఇప్పటి ఫర్నిచర్‌లో చేవ లేదా, కొనే మనలోనా?

తెనాలి_శ్రీను
సూటిగా అడుగుతున్నా. సారెలో పెట్టే మంచం మనవళ్ల దాకా రావాలని ఒకప్పుడు చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఈఎంఐలు తీరేదాకా నిలబడితే అదే పదివేలు అనుకుంటున్నాం. మా చెల్లికి ఇచ్చిన డబుల్ కాట్ రెండో వానాకాలానికే కింద ఉబ్బింది, పక్క పలక స్క్రూల దగ్గర పొడిపొడిగా రాలింది. బిల్లు మీద ‘ఇంజినీర్డ్ వుడ్’ అని ఉంది. విప్పి చూస్తే లోపల పొట్టు, దానిమీద టేకు గీతలున్న కాగితం. షాపులో అడిగితే ‘తేమ తగిలింది, వారంటీ వర్తించదు’ అన్నారు. వానాకాలంలో తేమ తగలని మంచం తెనాలిలో ఎక్కడ వేసుకోవాలో కూడా వాళ్లే చెబితే బాగుండేది.

నా మాట ఇది: నాణ్యత పడిపోయింది. దానంతటది పడలేదు, కావాలని పడేశారు. కాదనేవాళ్లు రండి.

కొండాపూర్_కిరాయి
నేను కాదంటాను. మనవళ్ల దాకా వచ్చే మంచం నాకెందుకండీ? ఓనర్ అద్దె పెంచినప్పుడల్లా ఇల్లు మారేవాణ్ని. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి టేకు పందిరి మంచం మోయించి చూడండి, మంచం కంటే కూలీ ఎక్కువవుతుంది. విప్పి, అట్టపెట్టెలో పెట్టి, మళ్లీ బిగించుకునే సామాను నాలాంటి వాళ్ల కోసమే పుట్టింది. 2018 ఆగస్టులో ఐకియా మన దేశంలో మొదటి దుకాణం హైటెక్ సిటీలోనే తెరిచిందంటే, అక్కడ జనం విరగబడ్డారంటే ఊరికే కాదు. ఆ జనంలో సగం మంది కిరాయి ఇళ్ల వాళ్లే అయ్యుంటారు.

మీరు పెళ్లి సారెకి కొనేది, నేను మూడేళ్ల అగ్రిమెంటుకి కొనేది ఒకే తక్కెడలో పెడితే ఎలా?

లలిత_పిఠాపురం
శ్రీను గారూ, ‘ఒకప్పుడు’ అన్నారే, అది ఎవరింట్లో అండీ? మా వీధి మొత్తానికి పందిరి మంచం, భోషాణం ఉన్నది కరణంగారింట్లోనే. మిగతా వాళ్లవి తుమ్మకోళ్ల నులక మంచాలు. ఏడాదికోసారి నులక బిగించాలి, వంకర పోయిన పట్టె సరిచేయాలి. బాగున్నవి మిగిలాయి కాబట్టి మీ కంటికి అవే కనబడుతున్నాయి. పుచ్చిపోయినవన్నీ ఎప్పుడో కాగుల కిందికి పోయాయి. వాటికి ఫొటోలు కూడా లేవు.

ఇంకో మాట, ఎవరూ చెప్పరు గానీ నల్లులు! నవారు మంచాల సందుల్లో, కోళ్ల బెజ్జాల్లో కాపురముండేవి. ఎండలో వేసి, మరిగే నీళ్లు పోసి, కిరసనాయిలు కొట్టి కూడా గెలిచేవాళ్లం కాదు. నాకు ఈ నున్నటి లామినేట్ మంచం మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

తెనాలి_శ్రీను
లలిత గారూ, నల్లుల విషయంలో మీదే గెలుపు. కానీ నులక తెగితే మంచం పోయేది కాదు కదా. నులక మార్చేవాళ్లు. మా చెల్లి మంచానికి మార్చడానికి ఏముంది?

వడ్లోల్ల_పోరడు
మాది జగిత్యాల దిక్కు. తాత, నాయిన వడ్ల పని చేసిన్రు. నేను హైదరాబాద్‌ల ఇంటీరియర్ పని చేస్తున్న. చిత్రిక పట్టుడూ తెలుసు, బోర్డు అంచుకు పట్టీ అంటించే ఎడ్జ్ బ్యాండింగ్ మిషనూ తెలుసు. జర పెద్దగనే రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

ముందుగాల కర్ర సంగతి. 1996 డిసెంబర్ 12 నాడు గోదావర్మన్ కేసుల సుప్రీంకోర్టు ఆర్డరిచ్చింది. సర్కారు ఒప్పుకున్న వర్కింగ్ ప్లాన్ లేకుంట అడవిల చెట్టు కొట్టుడు బంద్. ఈశాన్యం నుంచి కలప బయటికి తెచ్చుడు బంద్. అటుదిక్కు ప్లైవుడ్ మిల్లులు మూతబడ్డయి. ఆ పని హర్యానాల యమునానగర్‌కు, కేరళల పెరుంబావూర్‌కు పెరిగింది. అడవి మాను పోయి పొలంల పెంచిన పాప్లర్, నీలగిరి, పాలు అయిపోయిన రబ్బరు చెట్టు వచ్చినయి. అడవికి మంచిదే అయింది, నేను కాదంటలేను. గని బల్లార్షా టేకు అని మా నాయిన తెచ్చిన అసొంటి దుంగ నాకు దొరుకుతలేదు. 2014ల మయన్మార్ కూడ దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు టింబర్ డిపోల ‘టేకు’ అంటే శానా మటుకు ఘనా, ఈక్వెడార్, కోస్టారికా నుంచి కంటెయినర్ల దిగే తోట టేకు. తోటలల్ల ఇరవై ఇరవై అయిదేండ్లకే కొడ్తరు. లేత మానుల చేవ (నడిమి గట్టి కర్ర) తక్కువ, పై తెల్ల కర్ర ఎక్కువ. చెదలు ముట్టని గుణం చేవల ఉంటది, తెల్ల కర్రల ఉండదు. ‘టేకే కొన్న గదా, ఎట్ల పుచ్చింది’ అని అడిగేటోళ్లకు జవాబు గిదే. అంటే బోర్డు ఒక్కటే మారలే, అసలు కర్ర సుత మారింది.

ఇగ జోడింపు. పాత మంచంల కోడుకు తొర్ర కొట్టి పట్టె కొసను అందుల దించుతుండె. వదులైతే సన్నటి చీలిక కొడితే మళ్ల బిర్రుగైతది. కోడు ఇరిగితే కోడు మారుస్తం, మంచం మంచమే. పొట్టును జిగురుతోని అదిమి చేసే పార్టికల్ బోర్డుల ఇనుప మర ఒక్కసారే మంచిగ పడ్తది. ఇప్పి మళ్ల బిగిస్తే బెజ్జం పెద్దగైతది, పొట్టు రాలుతది. కొండాపూర్ అన్న ‘విప్పి బిగించుకునే సామాను’ అన్నడు గదా, గా సామాను ఎన్ని ఇండ్లు మారిందో చెప్పమనుండ్రి.

లలితమ్మ చెప్పింది నిజం, పాతదాంట్ల పనికిమాలింది శానా ఉండె. మా తాత చేసినయి కూడ కొన్ని పోయినయి. గని పోయినప్పుడు వాటిని బాగు చేసేటోడు ఊర్లె ఉండె, బాగు చేసే తీరుగ సామానూ ఉండె. ఇప్పుడు చేసేటోడున్నా సామాను చేయనియ్యది. నా లెక్కన నాణ్యత పోయిందంటే గక్కడ పోయింది.

కొండాపూర్_కిరాయి
@వడ్లోల్ల_పోరడు రెండు ఇళ్లు మారింది అన్నా. రెండోసారికి బీరువా తలుపు కాస్త వంగింది, అబద్ధం ఆడను.

బెజవాడ_ప్లై_రాజు
షాపువాళ్లందర్నీ దొంగల్ని చేసి మాట్లాడుతున్నారు కాబట్టి దిగాల్సి వచ్చింది. నాది ప్లైవుడ్, హార్డ్‌వేర్ షాపు.

బోర్డు అంటే చెత్త అనేది తప్పు. ఏ పనికి ఏ బోర్డు వాడారన్నది అసలు సంగతి. ప్లైవుడ్‌లో భారత ప్రమాణాలు ఐఎస్ 303 ఉంది, ఐఎస్ 710 ఉంది. 303లో ఎంఆర్ రకానికి (కమర్షియల్ అంటారు) యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. గాలిలో తేమని కొంత తట్టుకుంటుంది, నీళ్లని తట్టుకోదు. 710 మెరైన్ రకానికి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. పరీక్షలో ఆ ముక్కని 72 గంటలు నీళ్లలో ఉడకబెడతారు, పొర విడిపోకూడదు. కస్టమర్ వంటింటి సింకు కిందకి కూడా ‘కమర్షియల్ చాలు రాజూ, కొంచెం తగ్గించు’ అంటాడు. ఉబ్బినాక ఫోన్ నాకు చేస్తాడు.

పుస్తకాల అరలు వంగిపోతున్నాయనే గోల ఇంకోటి. అర పొడవు రెట్టింపు చేస్తే, అడుగుకి అంతే బరువు పెట్టినా వంపు 16 రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు 8వ వంతుకి దిగుతుంది. నాలుగడుగుల అరకి మధ్యలో ఒక నిలువు చెక్క పెట్టించుకోండి అంటే ‘లుక్ పోతుంది’ అంటారు. లెక్కకి లుక్ తెలియదు కదండీ.

టేకు కావాలా? పెట్టించుకోండి. ఒక డబుల్ కాట్‌కి పట్టే కర్ర, మిస్త్రీ కూలీ, పాలిష్ కలిపి కొటేషన్ ఇవ్వమనండి. ఆ కాగితం చూసి నా దగ్గరికే వస్తారు.

సింగ్‌నగర్_వాసి
రాజు గారూ, ఉడకబెట్టే పరీక్ష మాకు 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద పెట్టింది. మా వీధిలో రోజుల తరబడి నీళ్లు. తీశాక ఇళ్లముందు కుప్పలు పడ్డాయి. టీవీ స్టాండ్లు, షూ ర్యాకులు, డ్రెస్సింగ్ టేబుళ్లు నీళ్లలో నానిన అటుకుల్లా ఉబ్బి చేతికి ముద్దగా వచ్చేశాయి. మున్సిపల్ బండి ఎత్తుకుపోయింది. మా ఇంట్లో మెరైన్ ప్లైతో చేయించిన అల్మరా నిలబడింది. పైన అంటించిన సన్‌మైకా అంచులు లేచాయి, అంతే. ఇనుప బీరువా అడుగు తుప్పు పట్టింది, పెయింటరు సరిచేశాడు. అమ్మమ్మ టేకు బల్ల నీడన ఆరబెట్టి కడిగి పాలిష్ వేస్తే మళ్లీ మామూలే.

అందరూ వరద లెక్కన కొనాలని నేననను. కానీ నేల మీద ఆనే సామానులో పార్టికల్ బోర్డు పెట్టి అమ్మేవాడికి మన ఇళ్లలో తడిగుడ్డతో తుడుస్తారని తెలియదా? వరదే అక్కర్లేదు, రోజూ బకెట్టూ మాపూ చాలు.

లలిత_పిఠాపురం
ఈ మాట మాత్రం నిజం. మంచం కోళ్ల కింద రాతి దిమ్మలో, ఇత్తడి గిన్నెలో పెట్టేవాళ్లు అప్పట్లో. ఇప్పటి డబ్బా మంచాలు నేలకి బల్లిలా అంటుకుని ఉంటాయి. కింద ఊడవడానికీ లేదు, గాలికీ లేదు.

డల్లాస్_చిన్నా
ఇక్కడా ఇదే గొడవ, ఇంకా పెద్ద ఎత్తున. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 1960లో ఇళ్ల చెత్తలోకి వచ్చిన ఫర్నిచర్, ఫర్నిషింగ్‌లు 22 లక్షల టన్నులు. 2018లో కోటీ 21 లక్షల టన్నులు. అందులో 80 శాతం పూడ్చిపెట్టారు. జనాభా అన్ని రెట్లు పెరగలేదు. నెలాఖరుకి అపార్ట్‌మెంట్ డంప్‌స్టర్ పక్కన సోఫాల వరస చూస్తే మన పెళ్లివారి విడిది గుర్తొస్తుంది.

కానీ ఒక తేడా ఉంది. 2010లో చేసిన చట్టంతో బోర్డుల జిగురులోంచి వచ్చే ఘాటు వాసన వాయువు ఫార్మాల్డిహైడ్‌కి ఇక్కడ పరిమితి పెట్టారు. పార్టికల్ బోర్డుకి 0.09 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి), కర్ర నారను అదిమి చేసే ఎండీఎఫ్‌కి 0.11. ఆ బోర్డులతో చేసిన వస్తువు మీద చట్టానికి లోబడి ఉందని లేబుల్ ఉండాలి. మన్నిక గురించి ఆ లేబుల్ ఏమీ చెప్పదు, వాసన గురించి చెబుతుంది. కనీసం లోపల ఏదో బోర్డు ఉందని అయినా తెలుస్తుంది.

తెనాలి_శ్రీను
నేను అడిగేది అదే చిన్నా! చవకది అమ్మడం నేరం కాదు. ఏం అమ్ముతున్నారో చెప్పకపోవడం మీద నా కోపం. ‘ఇంజినీర్డ్ వుడ్’ అంటే ప్లైవుడ్ కావచ్చు, ఎండీఎఫ్ కావచ్చు, పార్టికల్ బోర్డు కావచ్చు, చెరకు పిప్పి బోర్డు కూడా కావచ్చు. నాలుగింటికీ ఒకటే పేరు. ‘టేకు ఫినిష్’ అంటే టేకు అనుకుని కొనేవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. లలిత గారు చెప్పిన నులక మంచం బీదదే, కానీ కొనేవాడికి అది తుమ్మ అని తెలుసు.

ఈ పాయింటుకి రాజు గారు జవాబు చెప్పాలి.

గట్టు_మీద_రైతు
మధ్యలో నాదొక మాట. మా పొలం గట్టున టేకు చెట్లున్నాయి. నేను నాటినవే. కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్, తరలించాలంటే ఇంకో కాగితం. తిరగలేక దళారికి నిలువు చెట్టుకే అమ్మేస్తాం. వాడిచ్చే ధర ఇక్కడ చెబితే మీరు ఏడుస్తారు, డిపోలో రేటు చెబితే నేను ఏడుస్తాను. తొంభైల్లో ‘టేకు మొక్కకి డబ్బు కట్టండి, ఇరవై ఏళ్లకి లక్షలు’ అని పేపర్ల నిండా ప్రకటనలిచ్చిన కంపెనీలకి మాత్రం ఏ కాగితమూ అడ్డం రాలేదు. ఊళ్లో చెట్టున్నా ఊళ్లో మంచం కాకపోవడానికి కారణం ఒక్క వడ్రంగి లేకపోవడమే కాదు.

బెజవాడ_ప్లై_రాజు
@తెనాలి_శ్రీను మీ పాయింటు ఒప్పుకుంటా, సగం. షీటు కొనేటప్పుడు తెలుసుకునే దారి ఉంది. ప్లైవుడ్ మీద ఐఎస్ఐ మార్కు, దాని దగ్గర సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటాయి. ఆ నంబర్ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, కంపెనీ పేరు రాకపోతే దొంగ ముద్ర. నేనే కస్టమర్లకి చూపిస్తా. కానీ తయారైన మంచం లోపల ఏ షీటు వేశారో షోరూంలో సేల్స్ కుర్రాడికే తెలియదు. వాణ్ని తిట్టి లాభం లేదు.

కొండాపూర్_కిరాయి
సరే, మరి షోరూంలో నిలబడ్డప్పుడు మాలాంటివాళ్లం చూడాల్సింది ఏంటి? నీతులొద్దు, పని చెప్పండి.

వడ్లోల్ల_పోరడు
సొరుగు మొత్తం బయటికి గుంజు. ముంగటి చెక్క గాదు, ఎనుకది, అడుగుది చూడు. అడుగున పల్చటి రేకసొంటి బోర్డు గాడిల కూసోకుంట ఒట్టిగ పిన్నులు కొట్టి ఉంటే వదిలెయ్. తలుపు కబ్జా (మడత బందు) స్క్రూ ఎందుల దిగిందో చూడు. ఎడ్జ్ బ్యాండ్ ఎక్కడన్న లేస్తే గా సందుల బోర్డు రంగు కనవడ్తది, పొట్టా పొరలా అక్కడే తెలుస్తది. మంచం ఒక మూల లేపు. రెండో కాలు దాంతోని లేవకుంట మంచం ఫ్రేము మెలి తిరిగిందంటే జోడింపు బలం లేదు. అరలు రెండున్నర అడుగులు దాటి సపోర్ట్ లేకుంటే రాజన్న చెప్పిన లెక్క యాదికి తెచ్చుకో. ఇగ మీద కనవడే షైనింగ్ చూసుడు బంద్ చెయ్.

కిరాయి ఇంట్ల ఉన్నా ఒక్కటి మాత్రం కర్రదో ఇనుముదో తీస్కో, మంచం. టీవీ స్టాండ్ ఏదైనా నడుస్తది. దాని మీద ఎవ్వలు పండరు.

బెజవాడ_ప్లై_రాజు
ఇనుప మంచం వెల్డింగ్ కూడా చూడమని చెప్పు. కర్ర మనుషులకి ఇనుములో తప్పులు కనబడవు.

వడ్లోల్ల_పోరడు
కనవడ్తయ్ అన్నా. నువ్వొక పని చెయ్. నీ దుకాణంల పోయే ప్రతి షీటుకు రకం, నంబర్ బిల్లు మీద రాసియ్యి. నేను అమ్మే ప్రతి టేకు మంచానికి తోటదో అడవిదో, తెల్ల కర్ర ఎంతుందో రాసిస్త.

బెజవాడ_ప్లై_రాజు
ఇవాళే రాసిస్తా తమ్ముడూ. ముందు ‘బిల్లు లేకుండా అయితే ఎంత’ అని అడగని కస్టమర్ని ఒకణ్ని పంపించు.