సైన్ ఎక్స్ / ఎక్స్ అవధికి సున్నా మార్కులు: తప్పు ఎవరిది?

పరకాల విద్యార్థి: హనుమకొండ దగ్గర ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. గణితం మొదటి మిడ్‌లో ఒక ప్రశ్న వచ్చింది: ఎక్స్ సున్నాకు చేరుతున్నప్పుడు సైన్ ఎక్స్ / ఎక్స్ అవధి (లిమిట్) 1 అని నిరూపించండి. ఐదు మార్కులు. ఎల్‌హాస్పిటల్ సూత్రం వాడి పైనా కిందా అవకలనం (డిఫరెన్షియేషన్) చేశాను. కాస్ సున్నా / 1, అంటే 1. రెండు పంక్తుల్లో జవాబు వచ్చింది. నాకు సున్నా వేశారు. అవధులు, అవకలనం ఇంటర్ 1బిలో చదివాను, సమాకలనం 2బిలో చదివాను. మళ్లీ అదే పాఠం పెట్టి, వచ్చిన జవాబుకు సున్నా వేయడం న్యాయమేనా?

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ: బాబూ, సున్నా సరైనదే. సైన్ ఎక్స్ అవకలజం కాస్ ఎక్స్ అని నీకెలా తెలిసింది? సున్నా దగ్గర దాన్ని మూలసూత్రం నుంచి రాబట్టి చూడు. హెచ్ సున్నాకు చేరేటప్పుడు సైన్ హెచ్ / హెచ్ అవధి ఎంత అన్న ప్రశ్నే ఎదురవుతుంది. నిరూపించమన్న దాన్నే నిజమని ముందుగా అనుకుని మొదలుపెట్టావు.

కాజీపేట ఇంజనీరు: సార్, సైన్‌ను ఘాత శ్రేణితో, అంటే ఎక్స్ ఘాతాల అనంత మొత్తంగా నిర్వచిస్తే అవకలజం పదం పదంగా వస్తుంది, ఈ చక్రం ఉండదు. పిల్లవాడి జవాబు తప్పు కాదు. పన్నెండేళ్లుగా వంతెనల డిజైన్ పనిలో ఉన్నాను. ఈ అవధిని నిరూపించమని నన్ను ఎవరూ అడగలేదు.

విశ్రాంత అధ్యాపకుడు: శ్రేణితో నిర్వచిస్తున్నానని అతను జవాబు పత్రంలో రాశాడా? రాస్తే నేను ఐదుకు ఐదు వేసేవాణ్ని.

కాజీపేట ఇంజనీరు: రాయకపోతే రెండు మార్కులైనా వేయాలి. సున్నా ఎలా వేస్తారు?

వడ్డేపల్లి విద్యార్థి: మా సెక్షన్‌లో సగం మంది అలాగే రాశాం. అందరికీ సున్నానే.

నర్సంపేట నాన్న: మా అబ్బాయిదీ ఇదే గోడు. రెండేళ్లు నయీంనగర్ హాస్టల్‌లో పెట్టి చదివించాను. ఎకరం కౌలుకిచ్చి ఫీజు కట్టాను. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు. అంత గణితం వచ్చినవాడికి మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్ ఎలా వచ్చింది? చెప్పేవారిలో లోపం లేకపోతే ఇలా జరుగుతుందా?

విశ్రాంత అధ్యాపకుడు: అయ్యా, ఆ పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అందులో 80 గణితమే. అక్కడ జవాబును గుర్తుపడితే చాలు, ఎందుకో చెప్పనక్కరలేదు. ఇక్కడ అడిగేది ఆ ఎందుకునే.

కాజీపేట ఇంజనీరు: ఈ మాట వింటూనే ఒక తరం గణితానికి భయపడింది. ఐదు మార్కులు బిగపట్టుకుని పిల్లలను చిన్నబుచ్చే మీలాంటి వారి వల్లే నేనూ ఆ సబ్జెక్టు రెండుసార్లు రాశాను. ఆ రోజు నా పక్కన నిలబడి ఒక్క మాట చెప్పినవారు లేరు.

విశ్రాంత అధ్యాపకుడు: మీకు జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. నా సంగతీ వినండి. ఉద్యోగ విరమణ తరువాత ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేరాను. దారానికి సుద్దముక్క కట్టి బోర్డు మీద వృత్తం గీసి ఈ అవధినే నిరూపిస్తున్నాను. యాజమాన్యం మనిషి తలుపు దగ్గరికి వచ్చి, నిరూపణలు వద్దు, బిట్లు చేయించండి అన్నాడు. పిల్లల ముందే బోర్డు చెరిపాను. ఆరో నెలలో మానేశాను. ఆ వృత్తం చూడని పిల్లలే ఇప్పుడు సున్నాలు తెచ్చుకుంటున్నారు. నేను వాదిస్తున్నది వారి మీద కాదు.

ములుగు అమ్మాయి: నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. మా సార్ ఆ వృత్తం గీసి చూపించారు. ఇదే ప్రశ్నకు నాకు నాలుగు మార్కులు వచ్చాయి. అయినా ఈ సెమిస్టర్ నాకు సులభంగా లేదు. అవకలజం అంటే తెలుసు, డెరివేటివ్ అనగానే ఒక క్షణం ఆగిపోతాను. నోటుపుస్తకం చివరి పేజీలో అడ్డంగా గీత గీసి ఇటు తెలుగు మాట, అటు ఇంగ్లిషు మాట రాసుకుంటున్నాను. నలభై దాటాయి. నేను ఒక మాట దగ్గర ఆగేలోగా బోర్డు మీద రోల్ సిద్ధాంతం అయిపోయి లాగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం మొదలవుతుంది. అడిగితే, ఇది మీరు ఇంటర్‌లో చదివిందే కదా అంటారు.

పరకాల విద్యార్థి: మా తరగతిలోనూ అదే మాట! అవధులన్నీ వారంలో అయిపోయాయి. చదివిందే కదా అని ముందుకు వెళ్లారు. అందుకే తెలిసిన సూత్రం వాడవచ్చనుకున్నాను. తెలుసనుకుంటే సూత్రాన్ని ఒప్పుకోవాలి. తెలియదనుకుంటే మొదటి నుంచి చెప్పాలి. పాఠం చెప్పేటప్పుడు ఒకటి, పేపరు దిద్దేటప్పుడు ఇంకొకటా? నాకు కోపం వచ్చింది దీనికే, ఐదు మార్కులకు కాదు.

విశ్రాంత అధ్యాపకుడు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను నీ పక్షానే మాట్లాడేవాణ్ని. చెప్పకుండా అడగడం తప్పే.

కాజీపేట ఇంజనీరు: నేనూ ఒప్పుకుంటాను. శ్రేణి గురించి నేను చెప్పింది మాత్రం సరైనదే.

పరకాల విద్యార్థి: ఇప్పుడే వృత్తం గీశాను సార్. వ్యాసార్ధం 1, కోణం ఎక్స్ రేడియన్లు. లోపలి త్రిభుజం వైశాల్యం సైన్ ఎక్స్‌లో సగం, సెక్టారుది ఎక్స్‌లో సగం. టాన్ ఎక్స్‌లో సగం ఎక్కడి నుంచి వస్తుంది?

ములుగు అమ్మాయి: వ్యాసార్ధం అడ్డగీత వృత్తాన్ని తాకిన చోట స్పర్శరేఖ నిలువుగా గీయండి. వాలుగా ఉన్న వ్యాసార్ధాన్ని దానికి తగిలేదాకా పొడిగించండి. ఆ పెద్ద త్రిభుజానికి ఆధారం 1, ఎత్తు టాన్ ఎక్స్. సెక్టారు మొత్తం దాని లోపలే ఇమిడిపోతుంది. మూడు వైశాల్యాలనూ సైన్ ఎక్స్‌లో సగంతో భాగించి తలకిందులు చేస్తే మీ భిన్నం కాస్ ఎక్స్‌కూ 1కీ మధ్య ఇరుక్కుంటుంది.