టామ్‌క్యాట్ 10: డిస్క్‌లో రాయడానికి వీలున్నా ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటోంది

తెనాలి_పాతపత్రికలు:
అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో పాత పత్రికలు స్కాన్ చేసి దాచే పని చూస్తున్నాను. ఎక్కువగా 1930ల నాటి సంచికలు. పేజీ తిప్పితే చాలు, అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఒకసారి స్కానర్ మీద పెట్టిన సంచికను మళ్ళీ పెట్టడానికి ధైర్యం చాలదు. అందుకే ఈ సర్వర్ సంగతి తేలేదాకా నాకు మనసు నిలవదు.

పాత మెషీన్‌లో ఉబుంటు 16.04, టామ్‌క్యాట్ 8 (జావా అప్లికేషన్లను వెబ్‌లో నడిపే సర్వర్). మా అప్లికేషన్ దాని మీద ఏళ్ళ తరబడి నడిచింది. ఇప్పుడు కొత్త మెషీన్‌లో ఉబుంటు 24.04 వేశాం. అందులో టామ్‌క్యాట్ 9 సర్వర్ ప్యాకేజీ లేదు, 10 వేసుకున్నాను. మొదట 404 వచ్చింది. జావా కోడ్‌లో సర్వర్‌కి సంబంధించిన జావాఎక్స్ పేర్లు జకార్తాగా మారాయని తెలిసి, టామ్‌క్యాట్ తయారుచేసే అపాచీ వాళ్ళ మైగ్రేషన్ టూల్‌తో వార్ ఫైల్ (మా అప్లికేషన్ ప్యాకేజీ) మార్చి పెడితే పేజీలు తెరుచుకున్నాయి. అక్కడిదాకా బాగానే ఉంది.

స్కాన్ ఫైల్ ఎక్కించబోతే మాత్రం లాగ్‌లో ఫైల్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్, పక్కనే బ్రాకెట్లో ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’. స్కాన్లు వేరే 4 టీబీ డిస్క్‌లో, /ఎస్ఆర్‌వీ/స్కాన్స్ దగ్గర ఉంటాయి. మౌంట్ అని కొట్టి చూస్తే ఆర్‌డబ్ల్యూ (చదవడం, రాయడం రెండూ) అనే ఉంది. ఫోల్డర్‌ను టామ్‌క్యాట్ యూజర్ పేర మార్చాను. ఎవరైనా రాయొచ్చని సీహెచ్‌మోడ్ 777 కూడా ఇచ్చాను. డిస్క్ పాడవుతోందేమోనని ఎఫ్ఎస్‌సీకే నడిపాను, తప్పేమీ చూపలేదు. విచిత్రం ఏమిటంటే, సుడోతో టామ్‌క్యాట్ యూజర్‌గా మారి అదే ఫోల్డర్‌లో టచ్ చేస్తే ఫైల్ తయారవుతోంది! మరి సర్వర్‌కి ఎందుకు కుదరడం లేదు?

కోడ్_కుర్రాడు:
ఎస్ఈలినక్స్ ఆపేసి చూడండి సార్. కాకపోతే ఆ ప్యాకేజీ తీసేసి, టార్ ఫైల్ దించుకుని రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) నడపండి. మాకు అలాగే నడుస్తోంది.

రాత్రి_షిఫ్ట్:
తమ్ముడూ, ఉబుంటులో మామూలుగా ఉండే భద్రతా కాపలా యాప్‌ఆర్మర్, ఎస్ఈలినక్స్ కాదు. టార్ ఫైల్‌తో నడుస్తుంది, నిజమే. కానీ బయటినుంచి ఫైళ్ళు ఎక్కించుకునే సర్వర్‌ను రూట్‌గా నడపమని ఎవరికీ చెప్పకండి. ఆ అప్లికేషన్‌లో ఒక్క కన్నం దొరికితే మెషీన్ మొత్తం పరాయివాళ్ళ చేతికి పోతుంది.

తెనాలి గారూ, మీ డిస్క్‌కి ఏ రోగమూ లేదు. మీరు రాసిన ఆఖరి ముక్కలోనే జవాబుంది. మీ షెల్ చూసే ఫైల్ సిస్టమ్ వేరు, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ టామ్‌క్యాట్‌కి చూపించే ఫైల్ సిస్టమ్ వేరు. ఈ ప్యాకేజీ సర్వీస్ ఫైల్‌లో ‘ప్రొటెక్ట్‌సిస్టమ్=స్ట్రిక్ట్’ అని ఉంటుంది. దానివల్ల ఆ ప్రాసెస్‌కి దాదాపు మొత్తం ఫైల్ సిస్టమ్ చదవడానికే తప్ప రాయడానికి ఉండదు. వెబ్‌యాప్స్, లాగ్స్ లాంటి కొన్ని ఫోల్డర్లకే మినహాయింపు. 777 పెట్టినా అందుకే లాభం లేదు. నమ్మకం కుదరకపోతే టామ్‌క్యాట్ పీఐడీ (ప్రాసెస్ నంబర్) పట్టుకుని /ప్రాక్/పీఐడీ/మౌంట్స్ చదవండి. మీ డిస్క్ పక్కన ఆర్‌ఓ (చదవడానికే) అని కనబడాలి.

ఇలా చేయండి: ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ టామ్‌క్యాట్10’ కొట్టి, తెరుచుకున్న ఖాళీలో ఈ రెండు లైన్లు రాయండి.

[సర్వీస్]
రీడ్‌రైట్‌పాత్స్=/ఎస్ఆర్‌వీ/స్కాన్స్

ఇంగ్లిష్‌లో కొట్టేటప్పుడు రీడ్, రైట్, పాత్స్ మూడు మాటలూ కలిపి, ప్రతి మాటకీ మొదటి అక్షరం పెద్దది. తర్వాత సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ఆ 777 కూడా తీసేసి 750 పెట్టండి.

తెనాలి_పాతపత్రికలు:
మౌంట్స్ చూశాను. నా షెల్‌లో ఆర్‌డబ్ల్యూ, టామ్‌క్యాట్‌కి ఆర్‌ఓ. మూడు రోజులుగా వెతుకుతున్నది ఆ రెండక్షరాల్లో ఉంది! కానీ మీరు చెప్పినట్టు చేశాక సర్వీసే లేవడం లేదు. స్టేటస్‌లో 226, నేమ్‌స్పేస్ అంటోంది.

రాత్రి_షిఫ్ట్:
226 అంటే మీరిచ్చిన దారి అక్కడ లేదని అనుమానించాలి. స్పెల్లింగ్ చూసుకోండి.

ఇంకో మాట. రీబూట్‌లో ఎప్పుడైనా డిస్క్ మౌంట్ కాకపోతే, కింద ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి స్కాన్లు వెళ్ళి ఉబుంటు ఉన్న డిస్క్ నిండిపోతుంది. అదే ఫైల్‌లో [యూనిట్] కింద ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎస్ఆర్‌వీ/స్కాన్స్’ కూడా పెట్టండి. డిస్క్ వచ్చాకే టామ్‌క్యాట్ లేస్తుంది.

తెనాలి_పాతపత్రికలు:
చివర ‘స్’ వదిలేశాను. సరిచేశాక లేచింది, ఫైళ్ళు ఎక్కుతున్నాయి. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

అయితే కొత్త చిక్కు వచ్చింది. 1931 సంచికలు పన్నెండూ ఎక్కించాను. ఫోల్డర్‌లో ఏడే ఉన్నాయి! ‘భారతి_1931_ఆగస్టు’ అని ఇస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి, మధ్యలో 1931 ఒక్కటే మిగిలింది. టెర్మినల్‌లో నేను చేత్తో తెలుగు పేరు పెడితే చక్కగా కనిపిస్తోంది.

అక్షరాల_లెక్క:
ఆ ఏడు ఎలా వచ్చాయో చెబుతాను. సర్వర్‌కి తెలుగు రాని లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) ఉంటే, జావా ఫైల్ పేరులోని ఒక్కో యూనికోడ్ గుర్తుకి ఒక్కో ప్రశ్నార్థకం రాస్తుంది. గుణింతం గుర్తూ, పొల్లూ విడివిడిగా లెక్క. మార్చి, ఆగస్టు, నవంబర్ మూడూ ఆరేసి గుర్తులు. ఫిబ్రవరి, అక్టోబర్, డిసెంబర్ ఎనిమిదేసి. జూన్, జులై నాలుగేసి. లెక్క ఒకటైన నెలలకు పేరూ ఒకటే అయ్యి, వెనక వచ్చింది ముందున్నదాన్ని చెరిపేసింది. పేరు మారిస్తే సరిపోదండీ, ఆ ఐదు మళ్ళీ ఎక్కించాల్సిందే.

/ఈటీసీ/డీఫాల్ట్/లొకేల్‌లో ఎల్ఏఎన్‌జీ విలువ చూడండి, ఉత్త ‘సీ’ అని ఉండొచ్చు. ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చినప్పుడు లాప్‌టాప్ లొకేల్ మీ వెంట వస్తుంది కాబట్టి టెర్మినల్‌లో తెలుగు బాగుంటుంది. టామ్‌క్యాట్‌కి ఆ సాయం లేదు. రాత్రి_షిఫ్ట్ గారు చెప్పిన ఫైల్‌లోనే, [సర్వీస్] కింద ‘ఎన్విరాన్‌మెంట్=ఎల్ఏఎన్‌జీ=సీ.యూటీఎఫ్-8’ చేర్చి రీస్టార్ట్ చేయండి.

తెనాలి_పాతపత్రికలు:
ఉత్త ‘సీ’ అనే ఉంది. మార్చాను. స్కానర్ పక్కన ఉండే కంప్యూటర్‌లో అసలు ఫైళ్ళు ఇంకా చెరపలేదు, కాగితాల్ని మళ్ళీ ముట్టుకోనవసరం లేకపోయింది. పన్నెండూ మళ్ళీ ఎక్కించి ఒక్కొక్కటే తెరిచి చూశాను. జనవరి నుంచి డిసెంబర్ దాకా తెలుగు పేర్లతో వరసగా ఉన్నాయి. రేపు 1932 మొదలుపెడుతున్నాను.